పల్లానికి పాదయాత్ర

“ఏ కొండకండీ మొక్కు?” నిడదవోలు దాటాక టీకొట్టు ఆవిడ అడిగింది.

“కొండక్కాదండి, గోతికి,” అన్నాడు ఉదయ్‌భాస్కర్ పాదాల బొబ్బలు చూసుకుంటూ. “దేశం మొత్తానికి పల్లమైన చోటుందండి, కేరళలో. కుట్టనాడు. సముద్రం కంటే కిందుంటుందంట.”

“నడిచే? రైళ్ళు లేవా బాబూ!” అంటూ ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

పక్కనే ఉన్న వెంకటరత్నం నవ్వు ఆపుకున్నాడు. ఆయనకు యాభై దాటాయి. పొలం గట్ల మీద తిరిగిన కాళ్ళు కాబట్టి చెక్కుచెదరలేదు. కడియం నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడికి మాత్రం పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి.

పెళ్లి మాట వచ్చిన రోజు కుదిరిన ఒప్పందం ఇది. ఇద్దరూ కలిసి నడవాలి. అక్కడికి చేరాకే అవునో కాదో తేల్చాలి. కొండలెక్కి గొప్పలు చెప్పుకునేవాళ్ళు బోలెడుమంది, పల్లానికి నడిచినవాడు ఎవడున్నాడన్నది ఉదయ్ వాదన. కుర్రాడి మనసు తెలియందే ముహూర్తం ఊసే వద్దని వెంకటరత్నమూ సరేనన్నాడు.

సాయంత్రమయ్యేసరికి నాగదుర్గ ఫోన్ చేసేది. ఉదయ్ స్పీకర్ పెట్టేవాడు.

“తిన్నారా ఇద్దరూ? పోట్లాడుకోలేదు కదా?”

ఆ రెండు ముక్కల కోసం వెంకటరత్నం పొద్దుటినుంచీ చెవులు రిక్కించుకుని ఉండేవాడు. భార్య పోయాక ఆయనకు మిగిలిన ఆశ ఆ గొంతే. నాగదుర్గ లేని ఇల్లు తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

ఒంగోలు దగ్గర కుర్రాడికి జ్వరం తగిలింది. సత్రంలో తడిగుడ్డ నుదుటిమీద వేస్తూ, “వెనక్కి పోదామయ్యా,” అన్నాడు వెంకటరత్నం.

“అంటే పెళ్లి వద్దంటారా?”

“వద్దనుకుంటే నీతో ఇంతదూరం ఎందుకొస్తాను? కానీ నీ ప్రాణం మీదకి తెచ్చుకుని కాదు.”

ఉదయ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అటునుంచే అడిగాడు. “పెళ్లయ్యాక నన్ను పరాయివాడిలా చూడరు కదండీ?”

“పిచ్చోడా! ఇద్దరూ మా ఇంటికే వచ్చేయండి. అంత ఇంట్లో బిక్కుబిక్కుమంటూ నేనేం చేసుకోను?”

జ్వరం తగ్గినా, అక్కడినుంచి రెండు సంచులూ వెంకటరత్నం భుజానికే ఎక్కాయి.

“మీకు మోకాళ్ళనొప్పులొస్తాయి అనుకున్నానండి, నాకొచ్చాయి!” అనేవాడు ఉదయ్ దారి పొడవునా, కుంటుతూ.

వారాలు గడిచాక కుట్టనాడు వచ్చింది. గట్టుకి ఒకవైపు నిండుగా నీళ్ళు, రెండోవైపు దిగువన వరిచేలు. చేలోకి దిగి చూస్తే పడవలు నెత్తిమీదుగా పోతున్నట్టున్నాయి.

“ఇంతేనా అండీ? ఒక్క బోర్డన్నా లేదేంటి!” అన్నాడు ఉదయ్.

“ఇంత పల్లంలో కూడా పంట పండుతోంది, చాలదా!”

ఇద్దరూ బురదలో చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక వెంకటరత్నం చేతుల బురద పంచెకి తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇక ఆగలేదు.

“మరి పెళ్లి సంగతి ఏమంటావయ్యా?”

ఉదయ్ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. వాడి కళ్ళు నిండిపోయాయి.

“చేసుకోండి. మా అమ్మని బాగా చూసుకోండి.”