సెలవు పెట్టని డాక్టరు

“జైల్ల ఏసిన్రు, సరే. సంపనీకైతే ఏయలేదు గద, వకీల్ సాబ్!”

అలివేలమ్మ మాటకు వనపర్తి వకీలు పర్వేజ్ కాగితం, కలం అందుకున్నాడు. ఆమె భర్త వెంకట్రాములుకు నెలల తరబడి ఛాతీలో నొప్పి. జైల్లో ములాఖత్‌కు పోయినప్పుడల్లా మనిషి ఇంకాస్త చిక్కి కనిపిస్తున్నాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపండని కాళ్లావేళ్లా పడితే జైలరు “చూద్దాం” అన్నాడు. ఎండలు పోయి వానలు పడ్డా ఆ చూద్దాం తెమల్లేదు.

“కేసు కేసే, రోగం రోగమే. ఖైదీకి గూడ బతికే హక్కుంది అక్కా. రాజ్యాంగంలనే ఉంది,” అన్నాడు పర్వేజ్. “హైకోర్టుకు పోదాం.”

పోయారు. పాలమూరు ఇంకా ఒకటే జిల్లాగా ఉన్న రోజులవి. తన ఊరు పెద్దమందడి నుంచి బస్సుల్లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన అలివేలమ్మ, కోర్టు హాల్లో చివరి బెంచీ మీద కొంగు బిగించుకుని కూర్చుంది. పర్వేజ్ గట్టిగానే వాదించాడు. ఖైదీ ప్రాణానికి సర్కారే పూచీ అన్నాడు. చూసే డాక్టరు లేక మనిషి పోతే ఎవరు తెచ్చిస్తారన్నాడు. ఆమెకు అర్థమైంది కొంతే. ఆ కొంతకే ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ప్రభుత్వ వకీలు లేచి జైలు నివేదిక చదివాడు. అబ్బో, ఏం నివేదిక! జైలు లోపలే డాక్టరు ఉన్నాడట. రాత్రీ పగలూ అక్కడే ఉంటాడట. వచ్చిన నాటి నుంచి ఒక్క రోజూ సెలవు పెట్టలేదట. ఖైదీలకే కాదు, జైలరుకు జ్వరమొచ్చినా ఆయనే సూది వేయాలట.

“మరి వెంకట్రాములును చూస్తున్నాడా?” అని జడ్జిగారు అడిగారు.

“అతణ్ణి విడిచి ఎక్కడికీ పోడని రాశారు, మైలార్డ్.”

“డాక్టరు పేరేమిటి?” అన్నాడు పర్వేజ్.

“జైలు లోపలి మనుషుల వివరాలు బయటపెట్టరాదు.”

జడ్జిగారు ముచ్చటపడిపోయారు. బయట తిరిగేవాళ్లకే ఇంతటి వైద్యం దొరకడం లేదంటూ పిటిషన్ కొట్టేశారు.

“డాక్టరైతే ఉన్నడంట గద అక్కా, జర ధైర్యంగుండు,” అన్నాడు పర్వేజ్ మెట్లు దిగుతూ. అంతకంటే ఏమంటాడు!

అలివేలమ్మకు ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది, అదీ మొగుడి మీద. మళ్లీ ములాఖత్ దొరకగానే మధ్యనున్న ఇనుప జాలీ పట్టుకుని దులిపేసింది.

“గంత మంచి డాక్టర్‌ను పక్కన పెట్టుకొని సూపిచ్చుకోకపోతే ఎట్లనయ్యా? నువ్వు పోతే నేనేం గావాలె?”

వెంకట్రాములు నవ్వబోయి ఛాతీ పట్టుకున్నాడు.

“గా డాక్టరు నేనేనే, ఎవరికి సూపిచ్చుకోవాలె?” అన్నాడు, డాక్టరు కాకుండానే ఊళ్లో వైద్యం చేస్తున్నాడని సర్కారే పట్టి జైల్లో వేసిన వెంకట్రాములు.