సొసైటీ ధర

"పేరు కొట్టెయ్యండి," అంది ఆమె అందరికంటే ముందు లేచి.

కాఫీ సొసైటీ మీటింగు గదిలో చూపులన్నీ వెనక బెంచీ మీదికి తిరిగాయి.

అక్కడ కూర్చున్న ముసలాయనకు కొండ అవతల అరెకరం తోట. ఒంటి మనిషి. ఎవరితోనూ కలవడు.

"సభ్యుడై ఉండి ఒక్క గింజ మనకు తేడు. పంటంతా దళారికి తోలతాడు. అట్లాంటోడు మనకెందుకు?"

చిన్న రైతులకు న్యాయమైన ధర ఇస్తామని ఒక కంపెనీ సొసైటీతో ఒప్పందం రాసుకుంది. బయటి ధరకు దాదాపు రెట్టింపు. కాకపోతే కొన్ని బస్తాలే కొంటుంది; ఎవరివెన్నో లెక్క గుమస్తా దగ్గరే ఉంటుంది.

ఆమెవి మాత్రం ఏటా ఆరు బస్తాలూ ఆ ధరకే పోతాయి. తన గింజ నాణ్యత అలాంటిదని ఆమెకు గర్వం. మొగుడు పోయిన ఇంట్లో కూతురి డయాలసిస్ నడుస్తున్నది ఆ డబ్బుతోనే.

గుమస్తా ఏదో చెప్పబోయాడు. ముసలాయన వద్దన్నట్టు తలూపాడు.

"తప్పు నాదే. కొట్టెయ్యండి."

పేరుతోపాటు సొసైటీ ఆస్పత్రి కార్డూ పోయింది.

వానాకాలంలో ఆయన దగ్గుతూ ఆస్పత్రి మెట్లెక్కాడు. కార్డు చెల్లదంది నర్సు. దిగిపోతూ, వరసలో ఉన్న ఆమె కూతురి దగ్గర ఆగాడు.

"ఒంట్లో ఎట్లా ఉంది తల్లీ?"

ఆమె పిల్లను తనవైపు లాక్కుంది.

పది రోజులకు ఆయన పోయాడు. ఆమె చూడ్డానికి కూడా వెళ్లలేదు.

పంట చేతికొచ్చింది. సొసైటీ గోదాములో గుమస్తా మూడు బస్తాలు తూచి కాటా ఆపేశాడు.

"మిగతావి దళారికి వేసుకో అక్కా."

"గింజ చూసి మాట్లాడు తమ్ముడూ."

"గింజ సంగతి కాదు. కంపెనీ మనిషికి మూడే కొంటుంది."

"మరి ఇన్నేళ్లూ ఆరు తీసుకున్నావుగా?"

గుమస్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒకరి వంతు ఇంకొకరికి రాసినట్టు తెలిస్తే ఇద్దరి పేర్లూ తీసేస్తారు. అందుకే ఆ రోజు మీటింగులో నన్ను నోరు విప్పనివ్వలేదు."

"ఎవరు?"

"కొండ అవతలి ముసలాయన. నాలుగేళ్లూ తన పంట దళారికిచ్చుకుని, 'ముందు ఆ పిల్ల బతకాలి' అంటూ తన మూడు బస్తాల వంతూ నీ పేరునే రాయించాడక్కా."