కాయిల్ వైరు

కారు స్టార్టవలేదు.

జోగేశ్వరరావు మళ్ళీ తాళం తిప్పాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది కొన్న సెకండ్‌హ్యాండ్ ఫియట్ కిర్రుకిర్రుమని ఊరుకుంది.

పాపకి గోదారి చూపిస్తానని భార్యకి చెప్పి రామచంద్రపురం నుంచి యానాం వచ్చాడు. చూపించాడు కూడా. తర్వాత పాపని వెనక సీట్లో పడుకోబెట్టి, ఓ కన్నేసి ఉంచమని బజ్జీలమ్మే మరిడమ్మకి చెప్పి, బ్రాందీ షాపులో దూరాడు. రెండు గ్లాసులే. కాళ్ళు కాస్త తేలుతున్నాయి తప్ప నిక్షేపంలా ఉన్నాననే అతని నమ్మకం.

దీపాలవేళకి పాప ఇల్లు చేరకపోతే పుట్టింటికి పోతానంది సత్యలక్ష్మి. అన్నంత పనీ చేసే మనిషి.

"పెట్రోలుందాండి?"

గళ్ళ లుంగీ మనిషొకడు కిటికీలోకి వంగాడు. చూపు మాత్రం నిద్రపోతున్న పాప మీద ఉంది. జోగేశ్వరరావుకి ఆ చూపు నచ్చలేదు.

"ఉంది. ఎవడివి నువ్వు?"

"పోతురాజండి. చేపల వేటకెళ్తానండి. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్‌కి కరెంటు అందట్లేదండి. పొద్దున్నే మెకానిక్కుని తెచ్చుకోండి."

"బానెట్టెత్తకుండానే కనిపెట్టేశావే. వేటకెళ్ళేవాడి చేతులకి ఆ గ్రీజేంటి?"

పోతురాజు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆఖరి బస్సు వచ్చేస్తుందండి. పాపని నేనెత్తుకొస్తాను."

వెనక తలుపు మీద చెయ్యి వేశాడో లేదో, జోగేశ్వరరావు తూలుతూనే దిగి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"పిల్లని ముట్టుకున్నావంటే చంపేస్తాను, దొంగవెధవా."

పోతురాజు రోడ్డు మీదకెళ్ళి చెయ్యెత్తి బస్సు ఆపాడు.

పాపతో ఆ బస్సులోనే ఇల్లు చేరి, మర్నాడు మెకానిక్కుతో వచ్చాడు జోగేశ్వరరావు.

"కాయిల్ వైరు లేదండి. ఎవరో లాగేశారు" అన్నాడు మెకానిక్కు బానెట్టెత్తి చూసి.

"ఎవరో ఏంటి, నాకు తెలుసు. పోలీస్ స్టేషనెక్కడ?"

పొయ్యి ముట్టిస్తున్న మరిడమ్మ లేచి వచ్చింది. అతని మొహానికి దగ్గరగా ఓసారి గాలి పీల్చి, కాగితంలో చుట్టిన వైరు చేతిలో పెట్టింది.

"పోతురాజు ఇచ్చాడండి. మందు వాసన లేకపోతేనే ఇమ్మన్నాడు."

జోగేశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. నిన్న తన చెయ్యి పడింది ఎవరి మీదో ఇప్పుడు తెలిసింది.

"అతన్నోసారి పిలుస్తావా?"

"తెల్లారకముందే ఒరిస్సాలో పారాదీపు వేటకెళ్ళిపోయాడండి. మళ్ళీ ఎప్పుడొస్తాడో."

"వేటకెళ్ళేవాడికి కార్ల సంగతెలా తెలుసు? నా గొడవ అతనికెందుకు?"

మరిడమ్మ కాలవగట్టు రోడ్డు వైపు చూసింది.

"ముందు టాక్సీ తోలేవోడండి. పోయినేడు ఈ షాపులోనే తాగి, ఆ గట్టు మీంచి బండిని కాలవలోకి దింపేశాడు. అప్పుడు వెనక సీట్లో ఆడి కూతురు పడుకుని ఉందండి."