అమ్మ నుదుట ఎర్ర దీపం

పనిచేసే ప్రతి మనిషి నుదుటికీ పట్టీ వచ్చి పదేళ్లయింది. మనసు కుదురుగా ఉంటే పచ్చ దీపం, కలత పడితే ఎర్ర దీపం. బట్టల ఫ్యాక్టరీలో మూడుసార్లు ఎర్రబడితే గేటు బయటికే. తిట్టే సూపర్‌వైజర్ నుదుటికి మాత్రం ఏ పట్టీ లేదు.

ఇంటర్ రెండో ఏడు చదివే జ్వలిత సైకాలజీ ప్రాక్టికల్ రికార్డు కోసం తల్లి రవళిని, ఇంటికి రాగానే తీసేసే పట్టీని ఈ పూట తియ్యనివ్వకుండా, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పాఠం పాతదే. గంట కొట్టి కూడు పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఉత్త గంటకే కుక్క నోట్లో నీళ్లూరుతాయి.

"అంటే నేను కుక్కనానే?" అంది రవళి.

"కాదు తియ్యి. ఫ్యాక్టరీల నీ దీపం ఒక్కనాడు ఎర్రగ కాలేదట గదమ్మా, ఎట్ల?"

"వాడు తిట్టినప్పుడల్లా నీ నవ్వు తల్చుకుంట బిడ్డా. పదేండ్ల సంది అదే నా మందు."

"నేను మందునా!" జ్వలిత పకపకా నవ్వింది.

తల్లి నుదుట దీపం భగ్గున ఎర్రబడింది. తిట్టు మీద పడుతున్నట్టు భుజాలు ముడుచుకుపోయాయి.

జ్వలిత చేతిలో కలం ఆగింది. భయంభయంగా ఇంకోసారి నవ్వి చూసింది. మళ్లీ ఎరుపే.

"నా నవ్వును ఇంక ఫ్యాక్టరీకి తీస్కపోకమ్మా. గంటా కూడూ లెక్క వాని తిట్టు, నా నవ్వు నీకు ఒక్కటైపోయినయ్."

"మరి దేన్ని తల్చుకోవాలె? పని పోతది."

"దేన్నీ తల్చుకోకు. మీ షెడ్డుల ఎంతమంది?"

"నాలుగొందలు."

"అందరూ ఒక్కపారే ఎర్రబడితే ఎంతమందిని గెంటుతడు?"

రవళి నుదుట దీపం ఎర్రగానే ఉంది. భుజాలు మాత్రం నిటారుగా లేచాయి.