ఒక పెట్టెలో రెండు కాపురాలు

“మళ్ళీ తప్పిపోయింది,” అని మధుమిత నెత్తి కొట్టుకుంది.

తప్పిపోయింది మేకపిల్ల కాదు. కంప్యూటర్ తెర మీద కాసేపు కనబడి మాయమయ్యే ఒక ప్రశ్న.

హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఆమెకు చిన్న డీటీపీ అంగడి ఉంది. పెళ్ళిపత్రికల తెలుగు అక్షరాలు పాత విండోస్ 98లోనే పలుకుతాయి. కొత్త రంగుల ప్రింటరేమో కొత్త విండోస్ ఎక్స్‌పీ మాట తప్ప వినదు. అందుకని రెండు విండోస్‌లకీ ఒకే కంప్యూటర్ పెట్టెలో కాపురం పెట్టించింది. పుస్తకం చూసి, ఉన్నదంతా ఒకసారి చెడగొట్టుకుని, ఏడ్చి, చివరికి సాధించింది. ఆ రోజు వీధి వీధంతా మైసూరు పాకు పంచింది.

పెట్టె తెరవగానే, పాతదా కొత్తదా అని అడుగుతుంది. ఎవరూ పలకకపోతే తనంతట తాను ఎక్స్‌పీలోకి పోతుంది. పేరు దిద్దాలంటే పాతదానిలోకి, అచ్చు వేయాలంటే కొత్తదానిలోకి. ఒక్క పత్రికకు ఎన్నిసార్లు ఆపి తెరవాలో దేవుడికే తెలియాలి.

ఆ పూట మాదప్ప కూతురి పెళ్ళిపత్రిక. మాదప్పకు చుట్టాలు తక్కువా?

“మా చిన్న మేనమామ పేరు ఇడిసిపెట్టినామమ్మా. పత్రికలో పేరు లేకుంటే ఆయప్ప పెండ్లికి రాడు,” అన్నాడు మాదప్ప.

ఆమె పెట్టె ఆపి తెరిచింది. అంతలో ఎవరో జెరాక్స్ అన్నారు. తిరిగి వచ్చేసరికి ఎక్స్‌పీ దర్జాగా కూర్చుని ఉంది.

బెంచీ మీద ఒక అవ్వ ఇదంతా చూస్తోంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయని ఇందాకే వచ్చి కూర్చుంది.

“అవ్వా, ఊరికే కూర్చున్నావు కదా, ఇట్లా రా. ఈడ రెండు వరసలు వస్తాయి. రాగానే ఈ కింది బాణం ఒకసారి, ఈ పెద్ద మీట ఒకసారి నొక్కు.”

“చెడిపోతే?”

“చెడిపోతే నేను చూసుకుంటాను.”

మధుమిత పెట్టె మళ్ళీ ఆపి తెరిచింది. అవ్వ అద్దాలు సర్దుకుని నొక్కింది. పాత విండోస్ లేచింది. అవ్వ మొహం చేటంత అయింది.

చిన్న మేనమామ పత్రికలోకి ఎక్కాడు. అచ్చు మొదలుపెట్టేలోగా మాదప్పకు పెద్దత్త మొగుడు గుర్తొచ్చాడు. ఆయన తర్వాత బాగలూరు బావ.

“ఇప్పుడు ముట్టొద్దవ్వా, అచ్చు వేయాల,” అని మధుమిత ఒకసారి కసిరింది. “ఇప్పుడు నొక్కు, నిద్రపోయినావా?” అని ఇంకోసారి గదమాయించింది. అవ్వ బుద్ధిగా చెప్పినట్టల్లా చేసింది.

ప్రింటర్ గరగరమంటుండగా అవ్వ అడిగింది.

“ఇంత పని తెలిసినదానివి, నీకు పెండ్లి కాలేదా తల్లీ?”

“ఈ సాయంత్రమే చూసేదానికి వస్తారు. కావేరిపట్టణం వాళ్ళు. పిల్లోడు గోకుల్, నాకు కాలేజీలో సీనియర్.”

“నచ్చినాడా?”

“శానా నచ్చినాడు.”

“మరి మొగం అట్ల పెట్టినావేమి?”

“వాళ్ళింటి పెద్దకి కోడలు అంగడిలో కూర్చునేది గిట్టదంట. ఆ మాటకి ఇంట్లో ఎదురు లేదంట. ఈ అంగడి నేను ఎట్ల నిలబెట్టినానో ఆ పెద్దకేమి తెలుసు? మూయమంటే ఈ సంబంధమే వద్దంటాను.”

“గోకుల్ మీద ఆశ పెట్టుకున్నావు కదా.”

“నాలుగు దినాలు ఏడుస్తానవ్వా. అంగడి మాత్రం మూయను.”

అవ్వ వక్కాకు నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది.

“పెద్దోళ్ళు అంతే తల్లీ. చూడకనే చెప్పేస్తారు,” అంది.

మాదప్పకు గుర్తురావాల్సిన చుట్టాలంతా అయిపోయారు. కట్టలు కట్టి ఆయన చేతిలో పెట్టి మధుమిత వెనక్కి తిరిగింది. బెంచీ ఖాళీ. అయ్యో, పేరైనా అడగలేదే అని నొచ్చుకుంది.

సాయంత్రం తల్లి పుష్పావతి ముస్తాబు చేసి ముందు గదిలోకి తీసుకొచ్చింది. మధుమిత తల ఎత్తలేదు. గడప అవతల గోకుల్ చెప్పులు గుర్తుపట్టింది, అంతే. అంగడి మాట రాగానే ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటోంది.

గోకుల్ తండ్రి గొంతు సవరించుకున్నాడు.

“పిల్ల మాకు నచ్చిందమ్మా. అయితే మా ఇంటి పెద్దది ఒక షరతు ఉంది.”

వచ్చేసింది అనుకుంది మధుమిత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పెండ్లయినాక అంగడి మూయగూడదంట. అట్లయితేనే సంబంధమంట. నిన్నటిదాకా వేరే మాట చెప్పింది, ఏమైందో మాకూ తెలీదు.”

పుష్పావతి “దేవుడా” అని కొంగు కళ్ళకు ఒత్తుకుంది. మధుమితకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ పెద్దాయన ఎవరో, కాళ్ళకు మొక్కాలనిపించింది.

“యాడున్నారు ఆయన?” అని మొదటిసారి తల ఎత్తింది.

“ఆయన కాదమ్మా, మా అమ్మ,” అంటూ గోకుల్ తండ్రి పక్కకు జరిగితే, వెనక కుర్చీలో ముసిముసిగా నవ్వుతూ కూర్చుని ఉంది, పొద్దంతా మధుమిత గదమాయించిన అవ్వ.