వెనక ఎడం

టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నర్సింహ చూపుడువేలు దూరలేదు.

రెండు పక్కలా అంతే. వంశీ కృష్ణ ఎక్కడి నుంచో తెప్పించిన వెనక టైర్లు అంత వెడల్పు. పైగా స్ప్రింగులు కోయించి కారును కప్పలా కిందికి దించాడు.

పాత కారుకు పెద్ద ఇంజను పెట్టించి, తిన్నని రోడ్డు మీద ఒక్క ఊపులో దూసుకుపోవాలని ఆ అబ్బాయి సరదా. అలాంటి కారు కదిలే క్షణంలో వెనక భాగం ధన్‌మని కిందికి కూర్చుంటుంది. అప్పుడు సందు లేకపోతే మడ్‌గార్డు అంచు టైరును కోసేస్తుంది.

మొయినాబాద్ రోడ్డు మీద మెకానిక్ నర్సింహ షెడ్డు తెలియని డ్రైవరు లేడు. ఆ సంగతి అందరికన్నా నర్సింహకే ఎక్కువ తెలుసు.

ఫోన్ చేసి విషయం చెప్పాడు. వంశీ ఆఫీసు మీటింగులో ఉన్నట్టున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"వెనక ఎడం చాల్లేదు కదన్నా. ఇంకో అంగుళం పెంచండి. స్ప్రింగు గట్టిది వేయండి."

వెనక ఎడమ ఒక్కటేనా అని అడగబోయి నర్సింహ మానుకున్నాడు. పందెం కార్లకు ఒక పక్క స్ప్రింగు గట్టిగా ఉంచుతారని ఎక్కడో విన్నాడు. అడిగితే ఈయనకు ఆ మాత్రం తెలియదా అనుకుంటాడు.

"అయితది తమ్మీ," అన్నాడు.

ఎడమవైపు బిరుసు స్ప్రింగు వేశాడు. ఆ పక్క మడ్‌గార్డు అంచును సుత్తితో లోపలికి మడిచాడు. కుడివైపు ముట్టుకోలేదు.

సాయంత్రం వంశీ వచ్చేసరికి కారు కుడిపక్క గోడ వారగా ఉంది. ఎడమపక్కనే చెయ్యి పెట్టి చూశాడు. అరచెయ్యి హాయిగా దూరింది. ఎడం బాగా వచ్చిందని మురిసిపోయాడు.

నర్సింహ మీసం కింద నవ్వుకున్నాడు.

కారు చేవెళ్ల రోడ్డెక్కుతుంటే కాస్త కుడికి ఒరిగినట్టు నర్సింహకు అనిపించింది. నడిపేవాడు కూర్చునేది కుడివైపే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున కారు పరుగు చూడ్డానికి అందరూ కనకమామిడి అవతల ఒక వెంచర్‌లో చేరారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ, రోడ్డు మాత్రం నున్నగా, సూటిగా వేశారు.

వంశీ స్నేహితులు వచ్చారు. తండ్రి ఈశ్వరరావు, తల్లి రాజ్యలక్ష్మి వచ్చారు. పక్క పత్తి చేలో పని ఆపి సాలమ్మా, తోటి కూలీలూ రోడ్డు అంచుకొచ్చి నిలబడ్డారు.

రాజ్యలక్ష్మి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ముందురోజు ఫోన్ చేసి, పిల్లవాడికి ఏమీ కాదు కదా అని నర్సింహను గుచ్చిగుచ్చి అడిగింది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. నా జిమ్మ," అని ఆయన పూచీ పడ్డాడు.

ఆ మాటకే కాబోలు, వంశీ జెండా పని ఆయనకే అప్పగించాడు. జెండా అంటే ఒక ఎర్ర తువ్వాల. దాన్ని పట్టుకుని నర్సింహ కారుకు ముందు, రోడ్డు వారగా నిలబడాలి. ఎత్తిన చెయ్యి దిగగానే కారు కదులుతుంది.

నర్సింహ దర్జాగా చెయ్యి ఎత్తాడు.

సాలమ్మ వాళ్లు రోడ్డుకు మరీ దగ్గరగా ఉన్నారని ఆయన వెనక నిలబడ్డ రాజ్యలక్ష్మి కంగారుపడి, కాస్త ఎడంగా నిలబడమంది. సాలమ్మ తన వాళ్లందరినీ తోలుకుని ఎడమచేతి వైపు జరిగింది. మళ్లీ రోడ్డు అంచునే.

రాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది.

"ఎడమ పక్కకి కాదమ్మా. మా ఊళ్లవైపు ఎడం అంటే దూరం. మధ్యలో ఖాళీ ఉండాలని."

"గట్లనా," అని సాలమ్మ కూడా నవ్వింది. "సందు అంటె సమజైతుండె కదమ్మా."

నర్సింహ నవ్వలేదు. వంశీ ఫోన్లో అడిగిన ఎడం అదే.

కారు వైపు చూశాడు. ముందు నుంచి చూస్తే దాచినా దాగడం లేదు. హెల్మెట్ పెట్టుకుని వంశీ కూర్చున్న పక్కకు కారు వాలిపోయి ఉంది. ఆ పక్క వెనక టైరు మీద రేకు ఆనుతోందో లేదో అన్నట్టుంది.

ఆయన జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగడు.

"బంద్ చెయ్యి తమ్మీ," అని అరిచాడు.

అప్పటికే ఇంజను హోరెత్తింది. ఆయన నోరు తెరవడం చూసి, తనను హుషారు చేస్తున్నాడనుకుని వంశీ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వద్దు వద్దని రెండో చెయ్యి ఊపాడు. స్నేహితులు ఈలలు వేశారు.

తువ్వాల చెయ్యి మాత్రం దించకూడదు. ఆ ఒక్కటీ గుర్తుంది. దాన్ని అలాగే పైకి పట్టుకుని, కారుకు అడ్డంగా రోడ్డు మధ్యకు నడిచాడు. భుజం పీకుతోంది. తను ఇక్కడ ఇలా నిలబడి ఉన్నంతసేపూ కారు కదలదు. ఇంజను ఆపి వాడే దిగి వస్తాడు. దిగాక అందరి ముందూ నా తప్పే అని చెప్పేయాలి. చెప్పేస్తాడు.

ఈశ్వరరావు అది చూశాడు. పాపం ఈయన చూసుకోకుండా కారుకు ఎదురుపోతున్నాడనుకున్నాడు. పరుగెత్తుకొచ్చి, నర్సింహ రెండు భుజాలూ పట్టి రోడ్డు పక్కకు లాగేశాడు.

"జాగ్రత్త నర్సింహ గారూ," అన్నాడు ఆప్యాయంగా.

ఆ కుదుపుకు చెయ్యి కిందికి దిగింది.