గుండెల దాకా

"పోయిన తుపానుకి మీ ఇంట్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అని అడిగాడు భుజాన సంచీ వేసుకొచ్చిన పెద్దాయన.

పీతలు పట్టుకు బతికే నిబారణ్ గుండెల మీద చెయ్యి పెట్టి చూపించాడు.

నిజానికి మోకాలు కూడా మునగలేదు. కానీ సుందర్‌బన్ దీవుల్లో ఆ ప్రశ్నకు నిజం చెప్పేవాడు ఉండడు. కొలతలు అడిగేవాడి వెనకే బియ్యం, టార్పాలిన్లు వస్తాయని అందరి నమ్మకం. అన్నిసార్లు మునిగినవాళ్లను తప్పు పట్టడానికీ లేదు. పక్కింటివాడైతే ఏకంగా మెడ దాకా చూపించాడు.

పెద్దాయన అన్నీ రాసుకున్నాడు. ఈసారి తుపాను వస్తే నీళ్లు ఎవరింటికి ఎంత ఎత్తున వస్తాయో కంప్యూటర్ లెక్క కడుతుందని, దానికి ఇవన్నీ కావాలని చెప్పాడు. నిబారణ్ భార్య చపలను కాన్పు ఎప్పుడని అడిగి, జ్యేష్ఠంలో అంటే అదీ రాసుకున్నాడు. ఆమె పెట్టిన మరమరాలు తిని ఎండలో పడి పక్క వాడకు పోయాడు.

బియ్యం రాలేదు, టార్పాలిన్లూ రాలేదు. ఊరంతా ఆయన్ని ఆడిపోసుకుంది.

జ్యేష్ఠం మొదట్లో తుపాను హెచ్చరిక వచ్చింది. వలంటీరు తుహినా పడవ తీసుకొచ్చి, ఈ వాడకు గుండెల దాకా నీళ్లొస్తాయట, వదిన ముందు ఎక్కాలి అంది.

నిబారణ్‌కు నవ్వొచ్చింది, భయమూ వేసింది. తన అబద్ధాన్ని నమ్ముకుని నిండు చూలాలిని అలల మీద తిప్పడమా?

"అది నేను చెప్పిన అబద్ధమే తుహినా. నీళ్లూ రావు, మేమూ రాం."

తుహినా పెద్దాయన రాసిచ్చిన కాగితం తీసి చదివింది.

"నిబారణ్ మండల్. చెప్పింది గుండెల దాకా. ఇంటి గుంజ మీద ఉప్పు చార మాత్రం మోకాలి కింద. చారను బట్టే లెక్క కట్టాలి. భార్యకు జ్యేష్ఠంలో కాన్పు. మొదటి పడవ." తలెత్తి, "ఆ చార లెక్కకే ఈసారి గుండెల దాకా వస్తాయని తేలింది" అంది.

నిబారణ్ చపలను రెండు చేతులా ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు.

సాయంత్రానికి కట్ట తెగింది. మర్నాడు చూస్తే ఇల్లు లేదు. తుపాను పునరావాస కేంద్రంలో చపల ఆడపిల్లను కన్నది.

బిడ్డను ఎత్తుకున్నప్పుడు నిబారణ్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ పెద్దాయన కాళ్ల మీద పడాలని, ఎక్కడుంటాడో చెప్పమని తుహినాను అడిగాడు.

ఏ దీవిలో తిరుగుతున్నాడో ఎవరికీ తెలియదంది.

"అంత చదువుకున్న మనిషికి మా బురదలో ఏం పని?"

తుహినా బిడ్డకు కప్పిన గుడ్డ సర్దింది.

"ముందు ఆయనా ఆఫీసులో కూర్చునే లెక్కలు కట్టేవారు అన్నా. దీనికి ముందొచ్చిన తుపానుకి అవతలి దీవిలో ఉన్న సొంత అక్కకి ఫోన్ చేసి, నీళ్లు గుమ్మం దాటవు, ఇల్లు కదలొద్దని చెప్పింది ఆయనే."